కాళ్ళ కింద రేకు

మా అక్క భర్త, మా బావ, నెల కిందట పోయాడు. కోటబొమ్మాళి నుంచి వచ్చే బస్సు డ్రైవరు మా ఇంటి ముందు ఆపి, "మీ బావ తెల్లారగట్ల ఎలిపోనాడు బాబూ. మీ అక్క రమ్మన్నాది" అని చెప్పి వెళ్ళాడు. అది వినగానే నాకు ముందు తోచిందేమిటో దాచకుండా రాస్తాను. ఇక బావ కారు ఎవరిదవుతుంది అని. ఏడుపు తర్వాత వచ్చింది.

అది స్వాతంత్ర్యం వచ్చాక ఒక తెల్లదొర దేశం విడిచి వెళ్తూ అమ్మేసిన బేబీ కారు. పెద్ద కార్లు కొనలేనివాళ్ళ కోసం చేసిన చవక బండి. ఈ ఇరవై ఏళ్ళలో అలాంటివి చాలావరకు తుక్కు కొట్లకు చేరాయి. మా బావ మాత్రం పొద్దున్నే పంచె ఎగగట్టి, గోనెపట్టా పరుచుకుని దాని కిందకు దూరేవాడు. పాత కారు కొనాలనుకునేవాళ్ళు శ్రీకాకుళం నుంచి కూడా వచ్చి ఆయన్ని తీసుకెళ్ళేవారు. "రంగు సూసి ధర కట్టకండి. రంగు నిన్న పూసిందైనా అవొచ్చు. పుట్టినప్పటి సామాను ఎంత మిగిలినాదో కింద దూరి సూడండి" అనేవాడు. ఆయన కారులో డ్రైవరు కాళ్ళ కింద రేకు మీద కంపెనీ అచ్చు అక్షరాలు ఇంకా వేలికి తగిలేవి. వచ్చినవాళ్ళందరికీ కాళ్ళపట్టా ఎత్తి చూపించేవాడు. వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండిపోయేది.

ఆ మంటతోనే ఆయనకు చెప్పకుండా నేనూ అలాంటి కారే కొన్నాను, సముద్రపు ఒడ్డున ఒక చేపల వ్యాపారి దగ్గర. ఎర్రరంగు మెరిసిపోతోంది. లోపలంతా అగరొత్తుల వాసన. తిన్నగా బావ ఇంటి ముందు ఆపి హారను కొట్టాను. ఆయన రంగు వైపు చూడనైనా లేదు. కిందకు దూరి, వేలితో రేకు గీకి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు.

"ఉప్పేటి బావా?"

"ఉప్పుసేపల బుట్టలు మోసిన బండిరా ఇది. బుట్టల్లో నీరు కారి రేకు తినీసినాది. అగరొత్తులు ఎందుకెలిగించినాడనుకున్నావు?"

గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వింది. ఆ పూట వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు నేను.

నెల తిరక్కుండా నా కాళ్ళ కింద రేకు ఊడి రోడ్డు మీద పడింది. బావే వచ్చి కారు తీసుకెళ్ళి, రెండు రోజుల్లో బాగుచేసి తెచ్చాడు. వేసిన రేకు మీద అచ్చు అక్షరాలున్నాయి. "విజయనగరం తుక్కు కొట్లో దొరికినాదిరా" అన్నాడు. సంతోషం బావా అనాల్సింది పోయి, "ఇప్పుడు నీ కారూ నా కారూ ఒకటే" అన్నాను.

"ఒకటేరా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన కాళ్ళపట్టా ఎత్తి ఎవరికీ చూపించలేదు. నన్ను చూసి తగ్గాడనుకుని లోలోపల మురిసిపోయాను.

పెద్దకర్మ అయ్యాక అక్క నన్ను పిలిచింది. "కారు కొంతామని ఎవరో వస్తన్నారు. నాకేటి తెలుస్తాది? ఎంత సేస్తాదో నువ్వే సూడు తమ్ముడూ."

గోనెపట్టా పరుచుకుని కిందకు దూరాను. ఇరుసు, స్ప్రింగు పట్టీలు, అన్నీ పుట్టినప్పటివే. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. డ్రైవరు కాళ్ళ కింద మాత్రం కిరసనాయిలు డబ్బా కత్తిరించి బిగించిన రేకు ఉంది.

"అక్కా, ఇదెప్పుడు మార్చాడు?"

"నీ బండి బాగుసేసినప్పుడే. దీనిది తీసి నీకిచ్చీసినాడు. సెప్తే వాడు తీసుకోడు, రోసం ఎక్కువ, నువ్వు సెప్పకు అన్నాడు."

చాలాసేపు ఆ కారు కిందే పడుకుండిపోయాను. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఈ మంచితనం కూడా ఆయనకే దక్కాలా అని మళ్ళీ కడుపు మండింది.

లేచి నా కారులోని అచ్చు రేకు విప్పి బావ కారుకు బిగించాను. "ఇప్పుడు మంచి ధర వస్తుందక్కా, నా రేకు ఇచ్చేశాను" అన్నాను. బావ అయితే ఆ మాట అనేవాడు కాదు. నేను అనకుండా ఉండలేకపోయాను. అందులోనూ ఆయనే నెగ్గాడు.

ఆయన చేత్తో కత్తిరించిన డబ్బా రేకును నా కారుకు వేసుకుని బయల్దేరాను. అచ్చు లేదు, ధర లేదు. ఎవరు అడిగినా ఇవ్వను. ఇంటికి చేరేదాకా, క్లచ్ నొక్కినప్పుడల్లా అది నా కాలి కింద టక్కుమంటూనే ఉంది.