పెళ్ళిరోజుకు రాతి దంపతులు

దుబాయ్ అల్ ఖూజ్‌లో మా వర్క్‌షాప్ హోటళ్ళకు ఏనుగులు, మాల్‌లకు కొండలు, పెళ్ళి మండపాలకు రోమన్ స్తంభాలు చేసిపెడుతుంది. అన్నీ ఫైబర్‌గ్లాసే. నాది వాటి బొమ్మలు గీసే ఉద్యోగం. కరోనా తగ్గాక వచ్చిన మొదటి చలికాలంలో, జెబెల్ అలీలో ఫ్యాక్టరీ ఉన్న ఒక గోదావరి జిల్లా ఆయన భార్యతో కలిసి వచ్చి, యూరప్ టూర్‌లో తీసిన ఫోటో చూపించాడు. పాత చర్చిలో రాతి పడక. దాని మీద కవచం తొడిగిన ఒక దొర, పక్కనే దొరసాని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెల్లకిలా పడుకున్నారు. ఆయన పాదాల కింద సింహం, ఆమె పాదాల కింద చిన్న కుక్క.

“మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి అచ్చం ఇలాంటిదే కావాలండి. మొహాలు మాత్రం మావి పెట్టండి. తోటలో పెట్టుకుంటాం,” అన్నాడాయన. ఆవిడ ఫోటోలోని చేతుల వైపే చూస్తోంది.

బొమ్మ గీయాలంటే అసలుది అర్థం కావాలి కదా అని చదవడం మొదలుపెట్టాను. అది సమాధి అని, ఆ పడక కింద ఆ దంపతులే ఉన్నారని అప్పుడు తెలిసింది. మధ్యయుగపు దొరల్లో కొందరు తమ సమాధి శిల్పాన్ని బతికుండగానే చేయించుకునేవారట. సింహం ఆయన ధైర్యానికి, కుక్క ఆమె విశ్వాసానికి గుర్తు. ఇంకో విచిత్రం, దొరసాని పడుకుంది గానీ ఆమె గౌను మడతలు పడుకోలేదు. నిలబడ్డ మనిషి బట్టల్లా తిన్నగా పాదాల వైపు జారుతున్నాయి. నిలువు విగ్రహాన్నే చెక్కి, తల కింద దిండు పెట్టి పడుకోబెట్టినట్టుంది. ఆ తప్పును నేను చాలాసేపు ప్రేమగా చూశాను.

సంగతి చెబితే మా ముదీర్, అంటే మేనేజరు, తల పట్టుకున్నాడు. “తుమ్హారా ఆద్మీ హై, తుమ్ బోలో. ఖలాస్,” అన్నాడు. మీవాడేగా, నువ్వే చెప్పు, అంతే అని.

ఈలోగా మట్టి నమూనా సగం అయింది. ఆ గోదావరి ఆయన ప్రతి శనివారం భార్యతో వచ్చి, తన సమాధి ఎంతవరకు వచ్చిందో సంతోషంగా చూసుకుని వెళ్ళేవాడు. ఒక శనివారం ధైర్యం చేసి, వీలైనంత మెత్తగా చెప్పాను.

ఆయన మొహం పాలిపోయింది. “శుభమా అని పెళ్ళిరోజు చేసుకుంటుంటే సమాధి ఏంటండీ?”

“నాకు తెలుసు,” అంది ఆవిడ. “గైడు చెప్పాడుగా. మీరప్పుడు ఫోన్లో ఉన్నారు.”

“తెలిసీ నోరు మెదపలేదేంటి?”

“ఈ పాతికేళ్ళలో మీరు నా చెయ్యి పట్టుకుని కదలకుండా పడుకున్నది ఎప్పుడో చెప్పండి. రాయిలోనైనా చూసుకుందామనుకున్నా.”

ముదీర్‌కు తెలుగు రాదు. అయినా ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కడి నుంచి వెళ్ళిపోయాడు. నేను నమూనా దగ్గరికెళ్ళి వేలితో నొక్కి చూశాను. చేతుల దగ్గర మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

“నిలబెట్టేద్దామండీ,” అన్నాను చివరికి. “బట్టల మడతలు ఎలాగూ నిలబడే ఉన్నాయి. దిండ్లు తీసేసి, సింహాన్నీ కుక్కనూ పక్కకు జరిపితే చాలు.”

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ మాత్రం, “చేతులు విడదీయకండి,” అంది.

విగ్రహం తోటలో నిలబడిన రోజు ఆవిడ దాని చుట్టూ నెమ్మదిగా తిరిగింది. మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి నడుస్తోంది.

“నన్ను ముప్పై ఏళ్ళదానిలా చేశారు,” అంది.

“ఆ కాలంలో ఎంత ముసలివాళ్ళనైనా ఆ వయసులోనే చెక్కేవాళ్ళట, అమ్మా. తీర్పు రోజున సమాధుల్లోంచి మళ్ళీ లేచేటప్పుడు అందరూ ఆ వయసులోనే లేస్తారని వాళ్ళ నమ్మకం.”

“మరి నాకు ఈ గడ్డం కింద కండ ఏంటండీ?” అన్నాడాయన.

“మీరు పంపింది పాస్‌పోర్టు ఫోటో సార్.”

ఆవిడ నవ్వాపుకోలేక ఆసరా కోసం విగ్రహం భుజం పట్టుకుంది. అది లోపల బోలుగా ఉన్న తేలికపాటి ఫైబర్ కాబట్టి కాస్త ఊగింది. ఆయన గబుక్కున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “జాగ్రత్త, పడిపోకుండా,” అన్నాడు. పడిపోయేది విగ్రహమో, ఆవిడో చెప్పలేదు. వచ్చే వారం అడుగున సిమెంటు వేస్తామని చెప్పి నేను పికప్ ఎక్కాను.