మందుకు నేను చేర్చిన 'లు'

విమానాశ్రయం వచ్చిన మూడో ఏడు. శంషాబాద్ నుంచి జిల్లా పేజీకి వార్తలు పంపేవాణ్ని. పక్క ఊరి రైతు ఒకాయనకు కిడ్నీ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని దవాఖానలో చెప్పారు. ఆయన ఆపరేషన్‌కు భయపడి ఇంటికి వచ్చేశాడు. ఏడాది తర్వాత స్కానింగ్ తీస్తే గడ్డలు దాదాపు కనబడలేదు.

"ఏం జేసినవ్ బాపు?" అని అడిగాను.

"ఏం జేయలే. మందు బంద్ వెట్టిన, గంతే."

డాక్టరుకు ఫోన్ చేశాను. చాలా అరుదుగా ఇలా జరుగుతుందనీ, ఎందుకో తమకూ తెలియదనీ, దీన్ని చూసి ఎవరూ చికిత్స మానకూడదనీ చెప్పాడు. తెలియదన్న మాటకు శీర్షిక కుదరదు. అదంతా తీసేసి, 'మందులు మానేస్తే క్యాన్సర్ మాయం' అని పంపాను. ఫొటోతో వేశారు.

రెండు నెలలకు గగన్‌పహాడ్‌లో కంపెనీ పని చేసే ఒకాయన ఆ పేపరు ముక్క పట్టుకొచ్చాడు. భార్యకు రొమ్ము క్యాన్సర్. వార్త చదివి ఇంజెక్షన్లు సగంలో ఆపేసింది.

"జర నువ్వే చెప్పన్నా. పేపర్ల అబద్ధం రాస్తరా అంటది. నా మాట ఇంటలేదు."

ఆ సాయంత్రమే రైతు దగ్గరికి పోయి, ఏ మందులు మానేశాడో అడిగాను.

"మందులేంది? వాళ్లు ఒక్క గోలీ గూడ ఇయ్యలే. నేను మానింది తాగే మందు. శంషాబాద్ల పుట్టినోనివి, గింత తెల్వదా?"

"ఏం మానిండు," అంది ఆయన భార్య. "బోనాలకు మల్ల షురూ జేసిండు."

మందు అన్న మాటకు రెండర్థాలని నాకు తెలియక కాదు. అడిగితే వార్త పోతుందని ఆ రోజు అడగలేదు.

మర్నాడు గగన్‌పహాడ్ పోయాను. తలకు తువ్వాలు చుట్టుకుని ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"తప్పని పేపర్ల రాసినవా?"

"లేదక్కా."

"ఎందుకు?"

ఉన్న పని ఊడుతుందని భయపడ్డాను.

"నా ఇంటికొచ్చి జెప్తే నాకు తెలుస్తది. నా లెక్క ఆపినోళ్లకు ఎవరు జెప్తరు? ముందుగాల పేపర్ల రాయి. అది సూసినంకనే నేను దవాఖానకు పోత."

వాళ్ల వాకిట్లో నిలబడే డెస్కుకు ఫోన్ చేశాను. తిట్లు తిన్నాను. రెండు రోజులకు లోపలి పేజీలో అడుగున మూడు లైన్లు వచ్చాయి. తీసుకెళ్లి ఇచ్చాను. వెతుక్కుని చదివింది.

"గింత సిన్నగనా అన్నా?"

అయినా మాట తప్పలేదు, ఆ సోమవారమే దవాఖానకు వెళ్లింది. మధ్యలో పోయిన రెండు నెలలు ఆమెకు ఎంత చేటు చేశాయో డాక్టరును అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.