మామిడితోటలో నేను చూలింతనైన వేసవి

1984 వేసవి. ఆగిరిపల్లి వైపు ఒక సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. సబ్‌సెంటర్ అంటే ఆసుపత్రి అనుకునేరు. పంచాయతీ వాళ్ళిచ్చిన ఒక గది, ఒక బల్ల, ఒక బీరువా, అంతే. ఏఎన్‌ఎం పని పురుళ్ళు పోయడం, టీకాలు వేయడం, గర్భిణులను ఉన్నచోటికే వెళ్ళి చూడడం, ఇద్దరు పిల్లలున్నవాళ్ళను కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పించడం. ఊళ్ళో అందరికీ నేను నర్సమ్మగారిని.

కాపు కోతకు వచ్చే రోజుల్లో మా ఊళ్ళు సగం ఖాళీ. జనం తోటల్లోకి మారిపోయేవారు కాబట్టి నేనూ పొద్దున్నే తోటల వెంట పడేదాన్ని. ఆ నడక నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఎండ ఆకుల్లోంచి జారి నేల మీద మెల్లగా కదిలేది. ఎక్కడో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. ఉన్నట్టుండి ఒక చెట్టు దగ్గేది. తలెత్తి చూస్తే కొమ్మ మీద కోత మనిషి, చేతిలో చివర వల కట్టిన చిక్కం గడ. పండిన రసాల వాసనకు ఆకలీ దాహమూ రెండూ మరిచిపోయి, నేను ఏ పని మీద బయల్దేరానో కూడా కాసేపు గుర్తుండేది కాదు.

గుర్తు చేసేది నా యూనిఫారం. తెల్ల చీర, తెల్ల జాకెట్టు. చీరకు గంజి పెట్టాలి, పైట మడతలు పెట్టి భుజం మీద పిన్నుతో బిగించాలి. ఇంట్లో మెత్తటి వాయిలు చీర కట్టి, పైట వదులుగా చుట్టుకుంటే నేనూ పదిమందిలాంటి మనిషినే. యూనిఫారం కడితే మాత్రం ముందు పొట్ట, వెనక నేను. రెండో కాన్పు తర్వాత మొదలైన పొట్ట అది. ఆపరేషన్ చేయించుకున్నాక అక్కడే స్థిరపడిపోయింది. ఒళ్ళంతా లావైతే ఒక అందం. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, మధ్యలో ఇది. గంజి పెట్టిన కుచ్చిళ్ళు ముందుకు పొడుచుకొచ్చి దాన్ని ఇంకాస్త పెంచేవి. మా ఆయన బడిపంతులు. "నువ్వు బాగానే ఉన్నావే" అని పేపరు దించకుండా అనేవారు. చూడకుండా ఇచ్చే సర్టిఫికెట్టు ఎవరికి కావాలి?

అందుకని నాకొక అలవాటైంది. బీపీ మిషను, స్పిరిట్ దీపం, మందులు ఉండే నా బ్యాగును చేతికి వేలాడేసుకోకుండా, రెండు చేతులతో పొట్టకు అడ్డంగా పట్టుకుని నడిచేదాన్ని. మోచేతులు నొప్పి పుట్టేవి. అయినా ఎదురుగా ఎవరైనా వస్తుంటే బ్యాగు ఇంకో రెండంగుళాలు పైకి లేచేది.

ఆ ఏడు సుబ్బరత్నమ్మగారి కుటుంబం చాట్రాయి నుంచి వచ్చి, మా ఊరి పక్క తోటలో పాక వేసుకుని ఉన్నారు. మామిడి వ్యాపారం వాళ్ళది. తోటను కాపు మీద కొన్నారు, అంటే చెట్లు కాదు, ఆ ఏటి కాయ మాత్రం. మగవాళ్ళు లోడు వెంట బెజవాడ మార్కెట్‌కు తిరిగేవారు. తోటలో పెత్తనం సుబ్బరత్నమ్మగారిది. ఇంటి దగ్గర చూసుకునే దిక్కు లేక, ఎనిమిది నెలలు నిండిన చిన్న కోడలు రమణను కూడా వెంట తెచ్చారు. ఆ పిల్లకు తల్లి లేదు, అంచేత పుట్టింటి పురుడూ లేదు.

నేను వెళ్ళేసరికి రమణ చెట్టు కింద గోనెపట్టా మీద పడుకుని పైకి చూస్తోంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ చూశాను, ఎక్కువ ఉంది. మూత్రం టెస్ట్‌ట్యూబులో పట్టించి, స్పిరిట్ దీపం మీద కాచి, రెండు చుక్కల యాసిడ్ వేశాను. విరిగిన పాలలాగా తెల్లగా తరకలు కట్టింది. అది ఆల్బుమిన్. ఈ మూడూ కలిస్తే మేం టాక్సీమియా అనేవాళ్ళం. ముదిరితే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అంటారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు.

"పిన్నిగారూ, ఇది ఇక్కడ అయ్యే పని కాదండి. రమణని ఇవాళే నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

సుబ్బరత్నమ్మగారు కాయలు ఏరుతూనే ఉన్నారు. "తొలిచూలు పిల్లకి కాళ్ళకి నీరు రాకపోతే ఇంకెవరికి వస్తుందండీ? మా పెద్ద కోడల్ని ఇలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పొట్ట కోసి బిడ్డను తీశారు. ఈ రోజుకీ అది నీళ్ళబిందె ఎత్తలేదు. దీన్ని మాత్రం పంపనండి. చాట్రాయిలో మా మంత్రసాని ఉంది, నెలలు నిండగానే వెళ్ళిపోతాం."

"ఈలోగా ఫిట్స్ వస్తేనో?"

"శుభమా అంటూ ఉంటే అవేం మాటలండీ. మీకేం, చెప్పేసి వెళ్ళిపోతారు. పడేది మేం కదా."

ఎంత చెప్పినా వినలేదు. రమణ నా మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నాకు కోపం ఎవరి మీదో తెలియలేదు, గిన్నెల మీద చూపించాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. తిట్టినా సరే తేల్చుకునే రావాలనుకున్నాను. తీరా వెళ్తే అక్కడి వాతావరణమే మారిపోయింది. సుబ్బరత్నమ్మగారు ఎదురొచ్చి, పాకలో మంచం వాల్చి, "కూర్చోండి కూర్చోండి, ఇంత ఎండలో నడిచి రావాలా మీరు?" అన్నారు. మజ్జిగ ఇచ్చారు. పుల్లటి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్ది ఆకులో పెట్టారు. "తినండి, నోటికి హితవుగా ఉంటుంది."

నేను లొట్టలేసుకుంటూ తింటున్నాను. కోతకొచ్చిన ఆడవాళ్ళు నలుగురు గంపలు దించి చుట్టూ చేరారు. అందరి మొహాల్లోనూ అదో రకం ఆప్యాయత.

"ఇంతకీ ఎన్నో నెలండీ మీకు?" అన్నారు సుబ్బరత్నమ్మగారు.

ముక్క గొంతుకు అడ్డం పడింది.

"నిన్ననే చూశానండి. బ్యాగు కడుపుకి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. నర్సమ్మగారికి దిష్టి భయం, కనపడనివ్వకుండా దాచుకుంటున్నారు అన్నాను వీళ్ళతో. మంచిదేనండి. ఎవరి కళ్ళు ఎలాంటివో."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరూరా తిరిగి ఇద్దరు చాలు ఇద్దరు చాలు అని చెప్పే మనిషిని, నాకు మూడోదా? అది కూడా చిన్న బాధే. నేను ఇన్నేళ్ళుగా దాస్తున్నది ఇందరి ముందు నడిబజార్లో పెట్టినట్టయింది. కాదండీ, ఇది ఉత్త పొట్ట అనడానికి నోరు తెరిచాను.

అప్పుడే గోనెపట్టా మీదనుంచి రమణ లేచి కూర్చుంది. ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు.

"మీరు ఎక్కడ పురుడు పోసుకుంటారండీ?"

అందరూ నా వైపే చూస్తున్నారు. గాలికి ఒక పండుటాకు రాలి నా ఒళ్ళో పడింది, అది పడడం నేను చాలా సేపు చూసినట్టు గుర్తు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం చెబితే ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. చెప్పకపోతే సాయంత్రానికి ఊరంతా నాకు నెలలు లెక్కపెడుతుంది.

"నా ఇద్దరు పిల్లలూ నూజివీడు ఆసుపత్రిలోనే పుట్టారమ్మా" అన్నాను. "కోత లేదు, ఏమీ లేదు. నాకు మళ్ళీ అవసరం వస్తే అక్కడికే పోతాను." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మిగతాది నేను చెప్పలేదు, అంతే.

"మీరు కూడా వస్తే నేనొస్తానండి" అంది రమణ.

సుబ్బరత్నమ్మగారు కోడలి వంక చూశారు, నా వంక చూశారు. "కడుపుతో ఉన్నమ్మ అబద్ధం ఆడదులే. లోపల బిడ్డ వింటూ ఉంటుంది" అన్నారు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

నేను బ్యాగు తీసి పక్కన పెట్టాను. ఒక చెయ్యి నడుము మీద వేసి, ఒక చెయ్యి మంచం పట్టెకు ఆనించి, నెలలు నిండినవాళ్ళు లేచినట్టే మెల్లగా లేచాను. ఎంతమందిని చూశానో, ఆ మాత్రం రాదా? పొట్టంతా ఎండలోకి వచ్చింది. వాళ్ళు దాన్ని ఎంత ముద్దుగా చూశారంటే, అంత సిగ్గులోనూ నాకు ఏదో హాయిగా అనిపించింది.

బయల్దేరే ముందు సుబ్బరత్నమ్మగారు చాట్రాయిలో తొడుగుదామని తెచ్చుంచిన గాజులు తీశారు. "తల్లి లేని పిల్ల, ఎవరూ గాజులు తొడగలేదు. ఇద్దరూ పక్కన కూర్చోండి" అన్నారు. ఇద్దరికీ చెంపలకు గంధం రాశారు. డ్యూటీలో మేము మట్టిగాజులు వేసుకోకూడదు, పురుటి దగ్గర పగిలితే ప్రమాదం. ఆ మాట అనలేకపోయాను. రమణ కొలతకు తెచ్చినవి, నా చేతికి ఎక్కడానికి సబ్బునీళ్ళు కావలసి వచ్చాయి.

కాయల ట్రాక్టరు ఆపించి, ట్రాలీలో వరిగడ్డి పరిచి రమణను పడుకోబెట్టాం. సుబ్బరత్నమ్మగారు ముందు వైపు గంపల పక్కన కూర్చున్నారు. ఇంజను మోతకు ఆవిడకు మా మాటలు వినపడవు. దారి పొడుగునా రెండు వైపులా తోటలే. కొమ్మల నీడలు మా మీదుగా ఒకదాని తర్వాత ఒకటి జారిపోతున్నాయి. గడ్డి వాసన, గంధం వాసన, రసాల వాసన. రమణ తల నా ఒళ్ళో ఉంది. మేము కదులుతున్నామా, తోటలే మమ్మల్ని దాటి వెళ్తున్నాయా అన్నట్టుగా ఉంది.

ఆ పిల్ల చెంప తిప్పి నా పొట్టకు ఆనించి ఉంచింది.

"మీది కదలట్లేదేంటండీ? నాదైతే పొద్దస్తమానం తంతూనే ఉంటుంది."

ఆ పిల్ల లేవబోయింది. మొహంలో భయం. "ఏమన్నా అయిందేమోనండీ. ఆసుపత్రిలో ముందు మీరు చూపించుకోండి. నేను తర్వాత చూపించుకుంటాను."

తను చావుబతుకుల్లో ఉండి నా లేని బిడ్డ కోసం కంగారుపడుతోంది. ఇంక నా వల్ల కాలేదు.

"లేదమ్మా. అందులో బిడ్డ లేదు. నాకు ఆపరేషన్ అయిపోయింది. ఇది ఉత్త పొట్ట. ఈ చీరలో దాగదు, సిగ్గేసి బ్యాగు అడ్డం పెట్టుకుంటాను. మీ అత్తగారు అది చూసి ఇంకోలా అనుకున్నారు."

రమణ కళ్ళార్పకుండా చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వాగాక నా గాజుల చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యతో అనకండి. ట్రాక్టరు వెనక్కి తిప్పించేస్తారు." కళ్ళు మూసుకుంది. "నేనూ ఒకటి దాచానండి. నిన్నటి నుంచి కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. చెట్టు మీద కాయ ఏదో ఆకు ఏదో తెలియట్లేదు, అంతా పచ్చగా అలుక్కుపోయినట్టుంది. తల పగిలిపోతోంది. చెబితే పని తప్పించుకోవడానికంటారని చెప్పలేదు."

నా నవ్వు చచ్చిపోయింది. చూపు మసకబారిందంటే ఫిట్స్ గుమ్మంలో ఉన్నట్టే. అలాంటప్పుడు వెలుతురు తగలకూడదు, చప్పుడు ఉండకూడదు. మేమేమో మండే ఎండలో ట్రాక్టరు మీద ఉన్నాం. భుజం మీది పిన్ను పీకేశాను. పైటంతా విప్పి నాలుగు మడతలు వేసి ఆ పిల్ల కళ్ళమీద కప్పి, రెండు చేతులతో చెవులు మూశాను. ఆగిరిపల్లి సెంటర్లో జనం ఉన్నారు, టీ కొట్టు దగ్గర మగవాళ్ళున్నారు. గంజి చీర కుచ్చిళ్ళు, జాకెట్టు, మధ్యలో నా పొట్ట, అన్నీ అందరికీ కనపడుతూనే ఉన్నాయి. చూసుకోనీ అనుకున్నాను. నూజివీడు దాకా అలాగే వెళ్ళాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారికి మొట్టమొదట చెప్పింది కళ్ళ సంగతే. ఆవిడ ఇంకో ప్రశ్న అడగకుండా రమణను చీకటి గదిలో వేయించి ఇంజక్షను మొదలుపెట్టారు. అయినా ఒక ఫిట్ వచ్చింది. సిస్టర్లు మంచం పక్కనే ఉన్నారు కాబట్టి నాలుక కరుచుకోకుండా, ఊపిరి ఆగకుండా చూశారు. అదే తోటలో గోనెపట్టా మీద వచ్చి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. మర్నాడు మధ్యాహ్నం రమణకు ఆడపిల్ల పుట్టింది. చిన్నది, పిడికెడంత. కోత లేదు.

వరండాలో సుబ్బరత్నమ్మగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, వార్డు ఆయాతో, "మా నర్సమ్మగారు కూడా ఇక్కడికే వస్తారు పురిటికి" అన్నారు.

ఆయాకు నేను తెలుసు. "ఆవిడకి పురుడేంటండీ? ఇక్కడే కదా ఆపరేషను చేయించుకున్నారు" అంది.

సుబ్బరత్నమ్మగారు తలెత్తి నన్ను చూశారు. నేను ఆవిడ ఎదుటే నిలబడి ఉన్నాను. తిట్టండి, పడతాను అనుకున్నాను. ఆవిడ చూపు నా పొట్ట మీదికి దిగింది, అక్కడి నుంచి ఒళ్ళోని పసిదాని మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "తోటల్లో అందరికీ చెప్పేశానే. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పమంటారు?" అన్నారు.

"ఉత్త పొట్ట అని చెప్పండి పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ చెప్పారు, అన్ని తోటల్లోనూ చెప్పారు. ఆ వేసవంతా ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వడం, నేనూ నవ్వడం. నవ్వయ్యాక పక్కన కూర్చుని, మొగుళ్ళకు చెప్పుకోలేనివి, అత్తలకు చెప్పలేనివి నాకు చెప్పుకునేవారు. రిటైరయ్యేదాకా ఎంతోమంది గర్భిణులను చూశాను. బీపీ మిషను చెప్పేది మిషను చెబుతుంది, టెస్ట్‌ట్యూబు చెప్పేది అది చెబుతుంది. మనిషి చెప్పవలసింది మాత్రం మనిషే చెప్పాలి, ఊరికే అడిగితే చెప్పదు. నా పొట్ట సంగతి నేను చెప్పాకే, తన కళ్ళ సంగతి ఆ పిల్ల చెప్పింది.