మా ఎస్తేరు మళ్లీ బంతి తన్నింది

సహోదరులారా, సహోదరీలారా, మా అమ్మాయి ఎస్తేరు గోడ వైపు తిరిగి పడుకుని, పక్కన పెట్టిన అన్నం పెట్టినట్టే చల్లారిపోయిన రోజులు మా ఇంట్లో చానా నడిచాయి. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత దేవుడు చేసిన మేలు చెబుతాను. నేను మిరపకోతలకు పోయే మనిషిని, మాట తడబడితే సర్దుకోండి.

రొంపిచెర్ల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు దాని పరుగు చూసి ఫుట్‌బాల్‌లో పెట్టారు, అక్కణ్ణించి జిల్లా టీము, రాష్ట్రం టీము, చివరికి కేరళలో ఒక క్లబ్బు వాళ్లు జీతమిచ్చి ఆడించుకునేదాకా ఎదిగింది నా బిడ్డ. ఆడపిల్ల నిక్కరేసుకుని ఆడటమేందని బుగ్గలు నొక్కుకున్నవాళ్లే తర్వాత ఫోన్లలో దాని ఆట చూసి మురిసిపోయారు.

అట్టాంటి పిల్లకి ఒక మ్యాచ్‌లో కుడి మోకాలు మెలిపడి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు, "నడక వస్తదమ్మా, ఆట సంగతి మాత్రం మాటివ్వలేను" అన్నారు. క్లబ్బు వాళ్లు కూడా ఇక వద్దన్నారు. పిల్ల ఇంటికొచ్చి మంచమెక్కింది. "అమ్మా, బంతి లేకపోతే నేనెవర్నే? ఎందుకు బతకాలి?" అని అడిగింది.

మన సంఘం అక్కలు సాయంత్రాలు వచ్చి దాని పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్లు. నాకు వచ్చిన ప్రార్థన ఒకటే: "ప్రభువా, మోకాలు తర్వాత సంగతి, ముందు నా బిడ్డని నాకియ్యి." అట్టా వారాలు గడిచాక ఒక ఆదివారం ఇదే మందిరంలో, చేతికర్ర ఆనించుకుని తనే లేచి నిలబడి పైకి ప్రార్థించింది. "ప్రభువా, ఆడినా నీ బిడ్డనే, ఆడకపోయినా నీ బిడ్డనే. అది మర్చిపోయి ఇన్నాళ్లు ఏడ్చాను. ఇక లేస్తాను, పక్కనుండు." విడుదల ఆ రోజే వచ్చింది సహోదరులారా, మోకాలు ఇంకా వాచే ఉంది గానీ మనిషి లేచింది.

నరసరావుపేటలో ఫిజియోథెరపీ మేడం చెప్పిన కసరత్తు పళ్లు బిగపట్టి చేసేది, పొద్దున్నే కాలవకట్ట మీద నడిచేది, పరుగు వచ్చింది గానీ మునుపటంత వేగం రాలేదు. ఏడుస్తూ కూర్చోలా నా బిడ్డ. గోలు కొట్టే జాగా వదిలేసి, మైదానం మధ్యలో నిలబడి తోటివాళ్లకు బంతి అందించే ఆట మళ్లీ మొదలు నుంచి నేర్చుకుంది. చర్చి వెనక ఖాళీస్థలంలో ఒక బకెట్టు పెట్టి, దూరం నుంచి దానికే తగిలేట్టు కొట్టేది, బంతి తెచ్చిచ్చే పని నాది.

తర్వాత బెంగుళూరులో ఒక క్లబ్బు పరీక్ష చేసి తీసుకుంది. మొదటి మ్యాచ్ పాస్టరమ్మ గారింట్లో టీవీలో పెట్టుకుని అందరం చూశాం. అవతలి పిల్ల వచ్చి గుద్దితే ఎస్తేరు అదే మోకాలి మీద పడింది. లేచింది, తనతో పాటు పడ్డ ఆ పిల్లకి కూడా చెయ్యిచ్చి లేపింది, ఆ తర్వాత కాసేపటికే నలుగురి మధ్య నుంచి బంతి అందిస్తే పక్కమ్మాయి గోలు కొట్టింది.

మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసి, "గోలు నాది కాదమ్మా, చూశావా?" అంది.

"చూశానే, బంతి నీదేగా" అన్నా.

మహిమంతా దేవునికే. ప్రతి మోకాలూ బాగవుతదని నేను చెప్పలేను, ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్లు ఒంటరివాళ్లు కారని మాత్రం కళ్లారా చూశాను. మీ ఇళ్లల్లో కుంగిపోయినవాళ్లెవరన్నా ఉంటే నాకు కబురు పెట్టండి, వచ్చి పక్కన కూర్చుంటాను, కలిసి ఆయన్ని అడుగుదాం.