అరుగు మీద పండిన పదణాలు

ఆ గురువారం పొద్దున అండాలు ఇంట్లో నాలుగు బస్తాల ఆముదాలున్నాయి. ఆమె గానుగకు రెండు రోజులకో బస్తా కావాలి. ఎనిమిది రోజుల తర్వాత గానుగ ఆగుతుంది, ఎద్దు మాత్రం తినడం ఆపదు.

భువనగిరి స్టేషను తోవలో ఆమెది రెండర్రల ఇల్లు, ముందు అరుగు, వెనక గానుగ. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. రెండో గానుగ పెట్టాలని ఏడేళ్లుగా కూడబెట్టిన తొమ్మిది వందల రూపాయలు కుండలో ఉన్నాయి. ఆ డబ్బుతో ఇప్పుడే ఆముదాలు కొని పెట్టుకోవాలా, ధర దిగేదాకా ఆగాలా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. కొన్నాక ధర పడితే రెండో గానుగ మాట అటుంచి, ఉన్నదే అమ్ముకోవాలి. ఆగాక ధర పెరిగితే ఎండాకాలమంతా ఉత్త గానుగను చూస్తూ కూర్చోవాలి.

ధర ఎటు పోతుందో చెప్పడానికి సర్కారు జరీదా ఉంది. ఏ తాలూకాలో ఏ పంట ఎన్ని అణాలు పండిందో అందులో ఉర్దూలో అచ్చు వేస్తారు. పదహారణాలంటే నిండు పంట. రైలు స్టేషను మాల్‌గోదాములో గుమాస్తా పని చేసే ఇస్రాయేలు మిషన్ బడిలో చదివినవాడు. ఆ కాగితం చదివి పెట్టినందుకు అండాలు అతనికి తలకు పెట్టుకునే నూనె ఇస్తుంది.

"భువనగిరి తాలూకా, ఆముదాలు పదణాలు అక్కా" అని చదివాడు ఇస్రాయేలు.

బజారులో ఈ లెక్కకు ఇంకో లెక్క ఉంది. శిస్తు మాఫీ కోసం పట్వారీలు పంటను ఎప్పుడూ తక్కువే రాస్తారు. కాబట్టి సర్కారు ఎన్ని అణాలంటే దాని మీద నాలుగు కలుపుకోవాలని సేట్లు తాతల నాటి నుంచి కలుపుతున్నారు. పదికి నాలుగు కలిపితే పద్నాలుగు. బ్రహ్మాండమైన పంట. సరుకు కుప్పలుగా రాబోతోంది, ధర పడిపోతుంది. మధ్యాహ్నానికి బజారంతా అదే మాట.

అండాలు మాత్రం పది అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ పది ఎక్కడో విన్నట్టుంది.

ఇంటికి వచ్చేసరికి ముందర్రలో కిరాయికుండే పట్వారీ రఘుపతిరావు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. యూనియన్ సైన్యం వచ్చి నాలుగు నెలలయింది. హైదరాబాదులో సర్కారు మారింది గానీ ఆయన ఊళ్లో కమ్యూనిస్టు దళాలు మారలేదు. ఊరి మొహం చూసి ఏడాది దాటింది. అదే వాడలో ఇంకో పదకొండు మంది పట్వారీలు అట్లాగే కాపురమున్నారు.

"పంతులూ, దీపావళి మునుపు ఆముదాల పంటెంతని నన్నడిగినవు, యాదికున్నదా?"

"అడిగిన. అయితే?"

"నేనేమన్న?"

"పదేసుకో పొమ్మన్నవ్."

"అయ్యో నీ బాంచెన్! ఎద్దు గంప తన్నిందని తిక్కల ఉంటి. నోటికొచ్చింది అన్న. గది సర్కారుకు రాస్తవా?"

"మరి నన్నేం జెయ్యమంటవ్? ఊరికి పోయి చేన్లు చూస్తే నన్ను చేన్లనే పాతరేస్తరు. నువ్వు గాండ్లదానివి, ఆముదాల సంగతి నీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

"మిగతా పదకొండు మంది?"

"నేను పది రాసిన. పక్కూరాయన ఏడు రాస్తే తహసీల్దారు ఎందుకని అడుగుతడు. అందుకే అందరం పదే రాసినం. ఇగ ఫికర్ లేదు" అన్నాడు రఘుపతిరావు, కండువాతో ఈగల్ని తోలుకుంటూ.

పద్నాలుగణాల పంట ఈ అరుగు మీదే పండిందన్నమాట. మరి చేలల్లో పండింది ఎంత? రైతునడిగితే లాభం లేదు, పండిందని ఏ రైతు ఒప్పుకున్నాడు? అండాలు మళ్లీ గోదాముకు నడిచింది.

"ఇస్రాయేలూ, రైలు బండికెక్కే బస్తాలు మీరు లెక్కబెట్టే రాస్తరా, అరుగు మీద కూసోని రాస్తరా?"

"బస్తాకింత అని కిరాయి తీసుకుంటం అక్కా. ఎక్కువ రాస్తే సేటు కొడ్తడు, తక్కువ రాస్తే రైల్వే కొడ్తది."

"గట్లయితే నిజమే ఉంటది. చెప్పు."

ఈ పుష్యమాసంలో ఇప్పటిదాకా నాలుగు వందల పది బస్తాల ఆముదాలు. కిందటేడు చూడబోతే ఇస్రాయేలే వద్దన్నాడు. అప్పుడు యూనియన్ సరిహద్దు బందు, సరుకు కదలనే లేదు, దాంతో పోలిస్తే మోసపోతామన్నాడు. రెండేళ్ల కిందటి పద్దు తీశాడు. అదే రోజులకు పదకొండు వందల నలభై.

"సగానికి సగం గూడ లేదు!" అంది అండాలు. వెంటనే ఆమెకే అనుమానం వచ్చింది. "తొవ్వలల్ల భయానికి బండ్లే వస్తలేవేమో? కందులు చూడు తమ్మీ. గవి గూడ గా ఊర్లకెల్లే వస్తయి."

కందులు అప్పుడు ఆరు వందల ఇరవై, ఇప్పుడు ఐదు వందల తొంభై. బండ్లు వస్తున్నాయి. ఆముదాలే రావడం లేదు.

సంతలో కందులమ్మే బిక్షమ్మ మిగతాది ఒక్క ముక్కలో చెప్పింది. "దాసరి పురుగు తిన్నది బిడ్డా. ఆకు పోయింది, ఈనెలు మిగిలినయి. కందిని ముట్టలే."

మునిమాపు వేళ అండాలు కుండతో సహా భీమయ్య సేటు కొట్టుకు వెళ్లింది. ధర పడకముందే సరుకు వదిలించుకోవాలని ఆయన పొద్దుటి నుంచి తొందరపడుతున్నాడు. బస్తా ఇరవై నాలుగన్నాడు, బేరం ఇరవై రెండు దగ్గర తెగింది. నలభై బస్తాలు. డబ్బు ఇచ్చేముందు సంగతి దాచడానికి అండాలుకు మనసొప్పలేదు.

"సేటూ, ఒక్కమాట. జరీదల పదణాలు ఉన్నది సూడు, అది నేను చెప్పిందే. ఎద్దు మీది కోపంతోని."

భీమయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "సర్కారు ముద్ర పడ్డంక గది నీ మాటెట్లయితది? నాలుగు కలుపుడు నేర్సుకో ముందు. ఆడిదానివి, మునుగుతవని పాపమనిపిస్తాంది."

"మునిగితే మునుగుత. బస్తాలు తూకమెయ్యి."

ఫాల్గుణంలో ఆముదాల బండ్లు పూర్తిగా ఆగిపోయాయి. ఉగాది ముందటి సంతలో బస్తా ముప్పై ఒక్క రూపాయి పలికింది. గానుగ ఒక్క రోజూ ఆగకున్నా, ఆ రోజుకు అండాలు ఇంట్లో ఇంకా పదమూడు బస్తాలున్నాయి.