పొగగొట్టం బిరడా

పోలయ్య పడవ ఇంజన్‌లోకి ఉప్పునీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు తెలుసు. చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఆ మాట నా నాలుక కింద ఉంది. అన్నం తింటున్నా, నలుగురిలో నవ్వుతున్నా, అది అక్కడే ఉంది. మీకు చెబితే తగ్గుతుందో లేదో తెలియదు. చెబుతాను.

నేను మైపాడులో డీజిల్ ఇంజన్లు బాగుచేస్తాను. నేనూ మస్తానూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. అతనికన్నా నేను నాలుగేళ్ళు ముందు చేరాను. స్పానర్ల సైజులు అతనికి చెప్పింది నేనే. కానీ అతనికి ఒక చెవి ఉంది. తిరిగే ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. సగం రోజు విప్పితే గాని నాకు దొరకనిది, అతనికి టీ చల్లారేలోపు దొరికేది. చివరికి నా సొంత బావమరిది తన ఇంజన్ను ఆటోలో వేసుకుని, నా షెడ్డు ముందునుంచే మస్తాన్ దగ్గరికి తీసుకుపోయాడు. "నీకు పనెక్కువ ఉండాదని, బావా" అన్నాడు. ఆ రోజు నా షెడ్డులో ఒక్క ఇంజన్ కూడా లేదు.

అసూయ అంటే కోపం అనుకునేవాణ్ణి. కాదు. కోపం వస్తుంది, పోతుంది. ఇది పోదు. మస్తాన్ మంచివాడు కావడం నాకు మరీ కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి కదా?

పోలయ్యది చిన్న పడవ. ఇంజన్‌తో వేటకు పోయి, గాలి కలిసొస్తే ఇంజన్ ఆపి తెరచాప ఎత్తి తిరిగొచ్చేవాడు. దాని పొగగొట్టం పడవ వెనకవైపు, నీటికి జానెడు ఎత్తులో ఉండేది. ఇంజన్ ఆగితే, వెనకనుంచి తోసే అల ఆ గొట్టంలోకి దూరుతుంది. అందుకని దానికి ఒక కొయ్య బిరడా ఉండేది. చాప ఎత్తేముందు దాన్ని బిగించడం, పడవ నడిపే పాత సరంగు అలవాటు. ఆయన పని మానేశాక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎండాకాలం వేట ఆపిన రోజుల్లో పడవకు రంగు వేసినవాళ్ళు, అదేమిటో తెలియక, బిరడాను ఇసకలో పడేశారు. దాన్ని ఏరుకున్నది నేనే. నా పనిబల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టాను. అదేమిటో అప్పటికి నాకూ తెలియదు, నా మనసులో ఏ పాపమూ లేదు.

వేట మొదలైన వారానికే ఇంజన్ ఆయిల్‌లో నీళ్ళు కలిసి, పాలు కలిపిన టీలా తెల్లబడింది. మస్తాన్ ఇంజన్ పైమూత, అంటే హెడ్డు విప్పి, నీళ్ళు చొరకుండా దాని కింద వేసే గాస్కెట్ రేకు మార్చాడు. ఎవరైనా ముందు అదే చేస్తారు. మా తీరంలో ఒక పద్ధతి ఉంది. ఇంజన్ బాగుచేసిన మేస్త్రిని మొదటి తిరుగుడుకు పడవలో కూర్చోబెట్టుకుంటారు. ఆయన ఉన్నంతసేపు చాప ఎత్తరు. ఎత్తితే ఆయన పనిమీద నమ్మకం లేనట్టు. మస్తాన్ కూర్చున్నంతసేపూ ఇంజన్ ఆగలేదు. చుక్క నీరు రాలేదు. అతను దిగాక, మర్యాద తీరాక, మరుసటి వేటకు చాప లేచేది. నీళ్ళు వచ్చేవి. రెండోసారి మార్చాడు. మళ్ళీ అంతే. గట్టున నిలబడి ఆ చాప దిగడం, వెనక తెరిచి ఉన్న పొగగొట్టం చూస్తుంటే, నా బల్ల కింద ఉన్నదేమిటో నాకు తెలిసింది.

ఆ సాయంత్రం మస్తానే నా షెడ్డుకు వచ్చాడు.

"అన్నా, రెండుసార్లు గాస్కెట్ మార్చినాను. హెడ్డు అద్దం మాదిరి సాపు చేయించినాను. నీళ్ళు యాడనుంచి వస్తుండాయో అంతు చిక్కలా. నువ్వొకసారి చూడన్నా."

"నీ చెవికే అందంది నా కంటికేం కనబడతాదబ్బయా?"

"ఎగతాళి చేయబాకన్నా. నాకు బయంగా ఉండాది."

బల్లమీద మోచేతులు ఆనించి ఆ మాట అన్నాడు. బల్ల కదల్లేదు. నాకు జాలి కలగాలి. కలగలేదు. తియ్యగా అనిపించింది.

మూడోసారి ఇంజన్ నడిసముద్రంలో పట్టేసింది. గాలీ పడిపోయింది. పడవలో పోలయ్య, ఇంకో ఇద్దరు. మరుసటి రోజు వేరే పడవ లాక్కొచ్చేదాకా వాళ్ళ జాడ లేదు. ఆ పగలంతా గట్టున నిలబడి నేను ఎవరి గురించి ఆలోచించాను? వాళ్ళ గురించి తక్కువ, మస్తాన్ మొహం ఎట్లా ఉంటుందా అని ఎక్కువ. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ నిజం.

పోలయ్య ఇంజన్ నా దగ్గరికి తెచ్చాడు. విప్పాను. మస్తాన్ వేసిన గాస్కెట్ మీద ముద్ర చుట్టూ సమంగా పడి ఉంది. అంత చక్కగా నేనెప్పుడూ కూర్చోబెట్టలేదు. దాన్నే పోలయ్యకు చూపించి, "సరిగ్గా కూర్చోబెట్టలా" అన్నాను. మూడు రోజులు ఇంజన్ విప్పి పరిచి, పెద్ద పని చేస్తున్నట్టు నటించాను. పొగగొట్టాన్ని పైకి లేపి వంచాను. ఎందుకని అడిగితే పొగ దూరంగా పోతుందన్నాను. మొదటి తిరుగుడులో నేనే, "చాప ఎత్తండి, ఏం కాదు" అన్నాను. గట్టుమీద అందరూ నోళ్ళు తెరిచారు. వాళ్ళలో మస్తానూ ఉన్నాడు.

జనం అతని దగ్గరికి పోవడం తగ్గించారు. కానీ వాళ్ళకంటే ముందు అతనే తనను నమ్మడం మానేశాడు. ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి, విని, మళ్ళీ విని, "వేరే ఎవరికన్నా చూపించండి" అనేవాడట. షెడ్డు మూసి, తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు చూసుకునే పనికి పోయాడు. నా బావమరిది నా దగ్గరికి తిరిగొచ్చాడు. సంతోషించానా? కొన్నేళ్ళు సంతోషించాను. అబద్ధం ఎందుకు?

పోయిన నెల ఒక ఇంజన్ నాకు లొంగలేదు. ఎవరూ లేనప్పుడు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాను. ఉత్త మోత. దీన్ని అర్థం చేసుకోగలిగిన మనిషి ఈ తీరంలో ఒక్కడే ఉన్నాడని, అతన్ని నేనే లేకుండా చేశానని, అప్పుడు తెలిసింది. బల్ల కింద బిరడా లాగి బస్సెక్కాను.

మస్తాన్ గుంట గట్టున ఉన్నాడు. గడ్డం నెరిసింది. బిరడా అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పాడు. మసి పట్టిన చివర బొటనవేలితో రాశాడు. అతనికి ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదు.

కూర్చోమనలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. నీళ్ళవైపు చూస్తూ, "అయితే ఆ గాస్కెట్ ఎట్లుండిందన్నా?" అన్నాడు. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు, నేను బస్సెక్కేదాకా. ఇప్పటిదాకా. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆ రోజు అతని ప్రశ్నకు నేనన్నది మాత్రం, అన్నది అన్నట్టే, ఇక్కడ రాస్తున్నాను.

"బాగుండింది మస్తానూ. నువ్వు సరిగ్గానే కూర్చోబెట్టినావు. నీ చేతిలో తప్పు లేదు, చెవిలో తప్పు లేదు. నేను చూసి కూడా అబద్ధం చెప్పినాను. తప్పు నాది."