ఎర్రమట్టి ముద్ద

నాది మొదటినుంచీ అనుమానపు మనసు. పాలు పోసేవాడు నవ్వుతూ వస్తే ఆ పూట నీళ్లు ఎక్కువ కలిపాడనుకునేవాణ్ణి. బస్సు వేళకు వస్తే, ఇది ముందు పోవలసిన బస్సేమో, ఆలస్యంగా ఇప్పుడు వచ్చిందేమో అనుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి మరో ముగ్గురితో కలిసి కూర్చుని ఒక పని చేశానంటే, ఆ పని బొమ్మ విమానాలు కట్టడమంటే, ఇప్పుడు మా ఇంట్లోవాళ్లే నమ్మరు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయిన తర్వాతి సంగతి ఇది. నేను ఆళ్లగడ్డలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. మా పల్లె నందికొట్కూరు దగ్గర. ఆళ్లగడ్డలో నాకు చుట్టం లేదు, పక్కం లేదు. వారమంతా మిక్చరు సీసాలకు మోతాదు చీటీలు అంటించడం, పొడులు పొట్లాలు కట్టడం, రోగుల దగ్గుల మధ్య అన్నం తినడం. ఆదివారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కితే మళ్లీ మనిషినయ్యేవాణ్ణి. ఆ ఆదివారం లేకపోతే నాకు ఆ వారమే లేదు.

నంద్యాల బజారులో గడియారాలు బాగుచేసే భాయి ఒకాయన ఉండేవాడు. మా నలుగురిలో పెద్దవాడు. ఆయన అంగడి మీది మిద్దె గదిలో మేము కలిసేవాళ్లం. రెండోవాడు రైల్వే స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమస్తా. ఇతని బావమరిది ఓడలో పనిచేస్తూ, మద్రాసుకు వచ్చినప్పుడల్లా ఒకటో రెండో విమానం పెట్టెలు తెచ్చేవాడు. మూడోవాడు హైస్కూలు డ్రాయింగు మాస్టరు, మేమందరం అయివారూ అని పిలిచేవాళ్లం. నాలుగోవాణ్ణి నేను.

పెట్టె అంటే పెద్దదేమీ కాదు. లోపల ప్లాస్టిక్కు చట్రం, దానికి కాయల్లా వేలాడే ముక్కలు: రెక్కలు, తోక, చక్రాలు, గోరంత పైలటు. బ్లేడుతో ఒక్కొక్కటీ కోసి, అంచులు గీకి, అతికించి, ఆరేదాకా దారంతో కట్టి ఉంచాలి. రంగు మాత్రం సైకిళ్లకు వేసే రంగే. మా ఎండలకు జిగురు గొట్టంలోనే గట్టిపడుతుందని భాయి దాన్ని తడిగుడ్డలో చుట్టి నీళ్ల కుండ పక్కన పెట్టేవాడు. ఆ జిగురు వాసన కింద బజారుదాకా పోయేది. ఆదివారం తలుపులేసుకుని నలుగురు మగవాళ్లు మిద్దె మీద చేసేదేమిటని ఎదురుగా ఉన్న బట్టల అంగడాయనకు మహా అనుమానం. పేకాటని కొన్నాళ్లు, సారాయని కొన్నాళ్లు ఊరంతా చెప్పాడు. విమానాలని తెలిశాక మాత్రం ఒక్కడికీ చెప్పలేదు. నమ్మరని భయం కాబోలు.

మా పద్ధతి ఒకటుండేది. ముక్కలు నలుగురం పంచుకుని ఎవరిళ్లకు వాళ్లం తీసుకెళ్లి, అంచులు నున్నగా గీకి, మళ్లీ ఆదివారం తేవాలి. పైలటు తల మీద బోర్లించే పారదర్శకమైన మూతను మాత్రం ఎవరికీ ఇచ్చేవాళ్లం కాదు. దాన్ని బుడగ అనేవాళ్లం. జిగురు కాస్త తగిలినా మసకబారిపోయేది, వేలిముద్ర పడితే పోయేది కాదు. గడియారపు మరలకు దుమ్ము పట్టకుండా భాయి బోర్లించే చిన్న గాజు గిన్నె ఒకటి ఉంది. విమానం పూర్తయ్యేదాకా బుడగ దాని కిందే ఉండేది.

ఇప్పుడు చెప్పబోయే గొడవకు ముందు గుమస్తా తన సొంతానికి ఒక యుద్ధ విమానం కట్టుకున్నాడు. తొందరమనిషి. బుడగకు జిగురు పూసి, బొటనవేలితో నొక్కి పాడుచేసుకున్నాడు. ఆ విమానాన్ని ఇంట్లో బీరువా మీద గోడవైపు తిప్పి పెట్టాడు. తర్వాత అదే రకం విమానం ఇంకొకటి వచ్చింది. ఇది నలుగురిదీ, మిద్దె గదిలోనే ఉంచాలని అనుకున్నాం. రంగులేశాం, తడిపి జార్చే బొమ్మ గుర్తులు సాసరులో నానబెట్టి రెక్కల మీద అంటించాం. ఇక బుడగ ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం భాయి గాజు గిన్నె ఎత్తాడు. కింద ఏమీ లేదు.

"ఈడనే పెట్టినా కదప్పా. మూసింది మూసినట్టే ఉండాది," అన్నాడు భాయి.

"రెక్కలొచ్చి ఎగిరిపోయిందేమో," అన్నాడు గుమస్తా.

చాప దులిపాం. గది ఊడ్చి ఆ దుమ్మును పలచటి గుడ్డలో జల్లించాం. భాయి మోకాళ్ల మీద పాకి బల్ల కింద వెతికాడు. అయివారు మాత్రం నుంచున్నచోటు నుంచి కదలకుండా మమ్మల్నే చూస్తున్నాడు. వెతకని మనిషి మీద నాకు అనుమానం వచ్చింది. మరీ అంతగా వెతికే భాయి మీదా వచ్చింది. అయినా మనసులో తీర్పు చెప్పేసుకున్నాను: దొంగ గుమస్తానే. బుడగ అవసరం ఉన్నది అతనికి. ఆ పూట అతను ఏం మాట్లాడినా నాకు అబద్ధంలాగే వినబడింది.

మొహం మీద అనే ధైర్యం లేదు. అందుకే ఊళ్లలోని పద్ధతి ఒకటి గుర్తుచేశాను. మా వైపు ఇంట్లో వస్తువు పోయి, తీసినవాళ్లు ఇంటివాళ్లే అనిపిస్తే, గొడవ లేకుండా మట్టి ముద్దలు వేయిస్తారు. తలా సంగటి ముద్దంత మట్టి తడిపి తెస్తారు. చీకటి గదిలో బేసిను పెడతారు. ఒక్కొక్కరే లోపలికి పోయి ముద్ద వేసి వస్తారు. తీసినవాడు వస్తువును ముద్దలో పెట్టేస్తాడు. చివర బిందెడు నీళ్లు పోసి అన్నీ కలిపి కలియబెడితే వస్తువు అడుగున దొరుకుతుంది. ఎవరి ముద్దలోదో తెలియదు. ఆ తర్వాత దాని గురించి ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు.

"మంచి మాట చెప్పినావప్పా," అన్నాడు భాయి. "సిగ్గు తీయకుండా వస్తువు తెచ్చుకుందాం. వచ్చే ఆదివారం ఎవురి ఇంటికాడ మట్టి వాళ్లు తీసుకురాండి."

గుమస్తా వైపు ఓరకంట చూశాను. తలూపాడు. దొరికావులే అనుకున్నాను.

నేనుండే ఇంటి యజమాని గోడలకు పూయించాలని కొండవైపు నుంచి ఎర్రమట్టి తోలించి వెనక పోశాడు. నల్లరేగడి తడిపితే వేళ్లను వదలదు కదా, ఎర్రమట్టి అయితే శుభ్రంగా ఉంటుందని అది పిసికి, ముద్దచేసి, ఆరకుండా తడిగుడ్డలో చుట్టి టిఫిను డబ్బాలో పెట్టుకున్నాను. ఇందులో కూడా నా పనే నీటుగా ఉండాలన్న గొప్ప నాకు. మిద్దె మీద డబ్బా మూత తీయగానే అయివారు వంగి చూశాడు.

"ఏందప్పా, ఇంత ఎర్రగా ఉండాదే మీ ఆళ్లగడ్డ మట్టి?"

"కొండ మట్టి అయివారూ," అన్నాను. మిగతా మూడు ముద్దలూ నంద్యాల నల్లరేగడి. అవి నాది లాగా మెత్తగా లేవు, అప్పటికే పైన బిరుసెక్కాయి. నీళ్లు పోస్తే ఏ రంగైనా ఒకటే కదా అని నేను పట్టించుకోలేదు.

పాడైన గోడ గడియారాలు పడేసే కిటికీ లేని గది ఒకటుంది. అందులో బేసిను పెట్టారు. పద్ధతి చెప్పినవాణ్ణి కనుక మొదట నేను వెళ్లాను. తర్వాత అయివారు, తర్వాత భాయి, చివర గుమస్తా. అతను లోపల కొంచెం ఎక్కువసేపే ఉన్నాడని నాకనిపించింది. బయటికి వచ్చి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. నాకు లోపల సంతోషం ఆగలేదు.

బేసిను బయటికి తెచ్చాం. నేను బిందె ఎత్తాను. అప్పుడు అయివారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగప్పా. మట్టిలో ఇసుక ఉంటాది. నీళ్లు పోసి కలియబెడితే బుడగ మీద గీతలు పడవా? ఇంగ దాన్ని పెట్టి ఏం లాభం?"

నిజమే. పల్లెల్లో పోయేది ఉంగరమో, కమ్మో. వాటిని ఎంత కలియబెట్టినా ఏమీ కాదు. మాది ఉల్లిపొర అంత పలచని ప్లాస్టిక్కు. ఆ ఒక్క మాటతో నలుగురం ఎందుకు అక్కడ కూర్చున్నామో మరిచిపోయాం. దొంగ సిగ్గు, దొర సిగ్గు అన్నీ పక్కకు పోయి, బుడగకు గీత పడకూడదన్నదే మిగిలింది. ఇంకెవరైనా అయితే నీళ్లు పోసేవాళ్లే. విమానాల పిచ్చివాళ్లం కనుక మేము పోయలేదు. నేను కూడా బిందె దించాను.

"చేత్తోనే ఇడదీద్దాం, మెల్లగా," అని భాయి మొదట ఎర్రముద్ద తీసుకున్నాడు. మెత్తగా ఉంది కనుక అదే ముందు చేతికొచ్చిందేమో. వేళ్లతో విప్పాడు. మధ్యలో బుడగ.

నల్లముద్దలను ఇక ఎవరూ ముట్టుకోలేదు. ముగ్గురూ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు.

"నేను పెట్టలే! మా అమ్మతోడు, నేను తీయలే!"

"ఎవురడిగినారప్పా నిన్ను?" అన్నాడు భాయి చాలా మెత్తగా. "అడగగూడదనే కదా పద్ధతి. నువ్వు చెప్పిన పద్ధతే."

"దొరికింది, సాలు. ఇంగ ఆ మాట ఇడిసిపెట్టండి," అన్నాడు గుమస్తా.

అయివారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "చిన్న వస్తువు మీద ఆశ ఎవురికైనా పుడతాది. మేమేం అనుకోములేప్పా."

ఆ చేతిని విరిచేయాలన్నంత కోపం వచ్చింది. ఏం చెప్పినా అడక్కుండానే చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే ఒప్పుకున్నట్టు. దొంగ సిగ్గు కాపాడడానికి నేనే తెచ్చిన పద్ధతి దొరకు నోరు లేకుండా చేసింది.

ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని ముగ్గురినీ ఒక్కొక్కరినే విచారించాను. నీళ్లు పోయనివ్వనిది అయివారు. ముందుగా నా ముద్దే తీసింది భాయి. లోపల ఎక్కువసేపు ఉన్నది గుమస్తా. చీకట్లో చేతికి మెత్తగా తగిలిన ముద్దలో దూర్చేసి బతికిపోయాననుకున్నాడా? లేక ఎర్రముద్ద నాదని ముందే చూసి పెట్టుకుని, కావాలనే దూర్చాడా? మొదటిదైతే క్షమించగలను. ఏదో తేలక ఇప్పటికీ క్షమించలేదు.

మళ్లీ ఆదివారం పోవాలా వద్దా అని వారమంతా కొట్టుకున్నాను. పోకపోతే నిజంగా దొంగే, అందుకే మొహం చాటేశాడంటారు. పోతే సిగ్గులేనివాడంటారు. ఎందులో ఏ మందు కలపాలో కూడా తోచక ఒకసారి డాక్టరు చేత తిట్లు తిన్నాను. చివరికి బస్సెక్కాను. నాకు ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు.

వాళ్లు నన్ను ఎంతో బాగా చూసుకున్నారు. అదే నేను తట్టుకోలేకపోయాను. అంతకుముందు మిరపకాయ బజ్జీలొస్తే నా చేతిలోది లాక్కుని తినేవాడు గుమస్తా. ఆ రోజు పొట్లం మొత్తం నా వైపు జరిపాడు. "తినప్పా, దూరం నుంచి వచ్చినావు," అన్నాడు. బుడగ నన్నే అతికించమన్నారు. పట్టకారుతో పట్టి, పైలటు తల మీద జాగ్రత్తగా బోర్లించాను. ఎక్కడా జిగురు అంటలేదు. "భేష్" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. జ్వరం తగ్గిన పిల్లవాడు ముద్ద మింగితే అన్నట్టు.

తర్వాత కొత్త పెట్టె విప్పారు. ముక్కలు పంచారు. ఎప్పుడూ నాకు చక్రాలు, గాలిమర లాంటి సన్నపనులు వచ్చేవి, పట్టకారు పట్టడం అలవాటున్న చెయ్యి కనుక. ఆ రోజు రెండు పెద్ద రెక్కలు ఇచ్చారు. జేబులో దాగేవి కావవి. అయివారు రెక్కల బాగోగుల గురించి చాలాసేపు మాట్లాడాడు.

బస్సు వేళయింది. లేచి చెప్పులేసుకోబోయి ఆగాను. ఏం బుద్ధి పుట్టిందో, వెనక్కి వచ్చి బల్ల ముందు నిలబడి, చొక్కా జేబు లోపలి గుడ్డ బయటికి లాగాను. తర్వాత పంట్లాం జేబులు రెండూ లాగాను. చేతిరుమాలు విప్పి దులిపాను. అన్నీ మెల్లగానే చేశాను. ఏందప్పా ఇది, వద్దు అని ఎవరో ఒకరు అంటారని నా ఆశ. అంటే ఏడ్చేసేవాణ్ణేమో, అక్కడితో అంతా పోయేది.

ఎవరూ అనలేదు. ముగ్గురూ వంగి చూశారు. ఆ ముగ్గురిలో ఒకడికి నేను తీయలేదని తెలుసు. వాడూ వంగి చూశాడు.